ఎవరికి అధికారము? ధర్మశాస్త్రము నుండి నేటి న్యాయస్థానము వరకు

కౌరవసభలో జూదము ముగిసిన పిదప ద్రౌపదిని తోడ్కొని రమ్మని ప్రాతికామిని పంపిరి. ఆమె వెంటనే కదలలేదు. సభకు ఒక ప్రశ్నను పంపినది. ధర్మరాజు ముందుగా ఓడినది తన్ను తానా, లేక ద్రౌపదినా?

భక్తులు ఈ ఘట్టమును కన్నీటితో చదువుదురు. ఆ కన్నీటి వెనుకనున్న శాస్త్రచర్చ మాత్రము తరచుగా మరుగున పడుచుండును. తన్ను తానోడినవాడు దాసుడగును. దాసునకు స్వమనునది లేదు. తనది కానిదానిని పణముగా ఒడ్డుట ఎట్లు చెల్లును? ప్రభుత్వమును కోల్పోయినవాడు ఒడ్డెను గావున ద్రౌపది దాసి కాలేదని విదురుడు నిష్కర్షగా చెప్పెను. వికర్ణుడు మరియొక కోణమును చూపెను. జూదము వంటి వ్యసనములో మునిగినవాడు చేసిన పనిని లోకము ప్రమాణముగా గైకొనదని అతని వాదము. భీష్ముడు మాత్రము ఎటూ తేల్చలేకపోయెను. స్వామ్యము లేనివాడు ఒడ్డజాలడు, నిజమే. కాని భార్య భర్తకు అధీన అను నియమము మాటేమి? ధర్మము సూక్ష్మమని పలికి ఆయన మిన్నకుండెను.

ఆ సభలో చర్చకు వచ్చినవి మూడు విషయములు. వస్తువుపై స్వామ్యము, కర్తయొక్క మనఃస్థితి, ఒకరిపై ఒకరికి గల అధీనత. ఒక పనిని చేయుటకు ఎవరు తగుదురు, ఎవరు చేసినది చెల్లును అను ఈ విచారణనే నేటి న్యాయశాస్త్రము అర్హత అనియు, సామర్థ్యము అనియు వ్యవహరించుచున్నది. మన పూర్వులు దీనికి పెట్టిన పేరు అధికారము.

అధికారమనగా పెత్తనము కాదు

నేటి వాడుకలో అధికారమనగా పదవి, పెత్తనము. శాస్త్రములో ఆ పదమునకు అర్థము వేరు. ఒక కర్మను ఆచరించుటకును, దాని ఫలమును పొందుటకును గల యోగ్యతయే అధికారము. జైమిని మహర్షి మీమాంసాసూత్రములలో ఆరవ అధ్యాయమును ఈ విచారణకే కేటాయించెను. ఫలమును కోరువాడు, ఆచరించు శక్తి గలవాడు, తత్సంబంధమైన జ్ఞానము గలవాడు అధికారి అని మీమాంసకుల సిద్ధాంతము. అర్థిత్వము, సామర్థ్యము, విద్వత్త్వము అను ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ కర్మయందు అధికారము లేదు.

ఇచట గమనింపవలసినది ఆ కర్మయందు అను మాట. మీమాంసకులు మనిషిని మొత్తముగా తూచి యోగ్యుడు, అయోగ్యుడు అని ముద్ర వేయలేదు. ప్రతి కర్మకును ప్రశ్నను క్రొత్తగా వేసికొనిరి. ఇతర యాగములందు అధికారము లేదనబడిన నిషాదస్థపతికి రుద్రదేవతాకమైన ఒక ఇష్టియందు అధికారము కలదని తేల్చిరి. రథకారునకు అగ్న్యాధానమందు అధికారము కలదనిరి. స్త్రీకి ధనము లేదు, కావున యాగాధికారము లేదను పూర్వపక్షమును జైమిని ఆ అధ్యాయమునందే ఖండించెను. ఆమెకు స్వంతధనము కలదు, ఫలేచ్ఛయు కలదు. కావున దంపతులకు కలసి అధికారము కలదని సిద్ధాంతీకరించెను. భీష్ముని సంశయమునకు ఇది సంపూర్ణమైన సమాధానము కాకపోవచ్చును. కాని భార్య ఒక సొత్తు అను తలంపును శాస్త్రము ఎంత గట్టిగా ప్రశ్నించినదో దీని వలన తెలియుచున్నది.

ఒప్పందము: రక్షణార్థమైన అనర్హత

కర్మకాండలో పుట్టిన ఈ పద్ధతినే స్మృతికారులు లౌకికవ్యవహారమునకు అన్వయించిరి. మత్తులో నున్నవాడు, ఉన్మత్తుడు, రోగపీడితుడు, పరాధీనుడు, బాలుడు చేసిన వ్యవహారము చెల్లదని మనుస్మృతి చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యుడు ఈ జాబితాలో వ్యసనిని, భయగ్రస్తుని చేర్చెను. వికర్ణుడు సభలో చేసిన వాదము ఇదియే కదా! నారదస్మృతి వయస్సును మరింత స్పష్టము చేసినది. ఎనిమిదవ ఏటి వరకు శిశువు గర్భస్థునితో సమానుడు. పదునారవ ఏటి వరకు బాలుడు. ఆ పైన వ్యవహారజ్ఞుడు.

ఈ అనర్హత శిక్ష కాదు, కవచము. బాలునకు సంక్రమించిన ధనమును, అతడు గురుకులము నుండి తిరిగి వచ్చు వరకు లేదా బాల్యము గడచు వరకు, రాజే కాపాడవలెనని మనువు విధించెను. ఇతరులు ఎంతకాలము అనుభవించినను బాలధనము వారిది కాదనియు చెప్పెను. 1804 నాటి నిబంధనతో మద్రాసు రాజధానిలో కోర్టు ఆఫ్ వార్డ్స్ ఏర్పడి, వారసుడు బాలుడైన జమీందారీలను ప్రభుత్వ నిర్వహణ క్రిందికి తెచ్చినది. పాలకులు మారిరి, బాలధనమును కాచు బాధ్యత మాత్రము రాజ్యమునందే నిలిచినది. 1963 నాటి కాలపరిమితి చట్టమును అనుసరించి బాలునకు దావా హక్కు కలిగినప్పుడు, వాని పక్షమున గడువు లెక్క యుక్తవయస్సు వచ్చిన పిదపనే మొదలగును.

1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము ఒప్పందము చేయువాడు యుక్తవయస్కుడు, స్వస్థచిత్తుడు, ఏ చట్టము చేతను నిషేధింపబడనివాడు కావలెను. ఈ నియమమునకు తుదిరూపము కలకత్తాలోని ఒక తగవు వలన వచ్చినది. 1895లో ధర్మదాస్ ఘోష్ అను బాలుడు ఇరువది వేల రూపాయల అప్పునకై తన స్థిరాస్తిని బ్రహ్మోదత్తు అను వడ్డీవ్యాపారికి తాకట్టు పెట్టెను. బాలుని తల్లి అతని పక్షమున దావా వేసినది. వ్యాపారి మరణింపగా అతని భార్య మొహరీబీబీ వ్యాజ్యమును నడిపినది. 1903లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పినది. బాలుడు చేసిన ఒప్పందము ఆదినుండియే శూన్యము. తీసికొన్న సొమ్మును తిరిగి యిప్పింపనక్కరలేదు.

ఇంతమాత్రముచేత బాలుడు లోకవ్యవహారమునకే వెలియని కాదు. బాలునకో, చిత్తస్వాస్థ్యము లేనివానికో అన్నవస్త్రాదులు సమకూర్చినవాడు వారి ఆస్తి నుండి ఆ వ్యయమును రాబట్టుకొనవచ్చును. భాగస్వామ్య వ్యాపారములో బాలుని లాభములకు మాత్రము చేర్చుకొనవచ్చును. చిత్తభ్రమ గలవాడు స్వస్థతతో నున్న సమయమున చేసిన ఒప్పందము చెల్లును. యుక్తవయస్సును 18 ఏండ్లుగా 1875 నాటి చట్టము నిర్ణయించినది. న్యాయస్థానము సంరక్షకుని నియమించిన బాలునకు అది 21. ఈ భేదము 1999 సవరణతో తొలగినది.

శిక్ష: మాండవ్యుని శాపము

నేరశిక్షలందు ప్రశ్న మారును. ఇచట విచారించునది స్వార్థమును కాపాడుకొను నేర్పును కాదు, పాపపుణ్యముల ఎరుకను.

ఆదిపర్వములోని మాండవ్యోపాఖ్యానము దీనికి మూలకథ. మౌనవ్రతములో నున్న మాండవ్యుని దొంగగా భావించి రాజు శూలారోహణము చేయించెను. ఆ ముని యమధర్మరాజు కడకు పోయి కారణమడిగెను. చిన్ననాడు పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చిన ఫలమని యముడు బదులిచ్చెను. అల్పమైన బాల్యచేష్టకు ఇంత దండనమా అని మాండవ్యుడు ఆగ్రహించి యముని భూలోకమున శూద్రయోనియందు పుట్టుమని శపించెను. పదునాలుగేండ్ల వరకు చేసినది పాతకము కాదని లోకమునకు ఒక మర్యాదను ఏర్పరచెను. అట్లు పుట్టినవాడే విదురుడు. బాలుని యోగ్యతను విచారింపక దండించిన న్యాయమూర్తియే మానవుడై పుట్టి, ద్యూతసభలో యోగ్యతావిచారణను నిర్భయముగా ఎత్తి చూపినవాడయ్యెను.

ప్రాయశ్చిత్త ప్రకరణములలోను ఈ దయ కనిపించును. పదునారేండ్లు నిండనివారికి, ఎనుబదేండ్లు దాటినవారికి, స్త్రీలకు, రోగులకు అర్ధప్రాయశ్చిత్తమే విధింపబడినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఏడేండ్ల లోపు శిశువు చేసినది నేరము కాదన్నది. ఏడు నుండి పన్నెండేండ్ల మధ్యవానికి తన పని స్వభావమును, ఫలమును తెలియు పరిణతి కలదా అని విచారించుమన్నది. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ వయఃపరిమితులను మార్చలేదు. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము పదునారు నుండి పదునెనిమిదేండ్ల మధ్యవాడు అతిఘోరమైన నేరము చేసినచో, వాని సామర్థ్యమును ముందుగా పరీక్షించి, పెద్దవానివలె విచారింపదగునో లేదో నిర్ణయింతురు. పొలము అమ్మజాలని ఆ పదునేడేండ్ల వాడే నేరవిచారణలో పెద్దవాడుగా నిలువవలసి రావచ్చును. పని వేరు గనుక ప్రమాణమును వేరయ్యెను.

సాక్ష్యము: చూచినవారే అధికారులు

సాక్షుల విషయములో స్మృతుల నియమములు మొదట కఠినముగా తోచును. అప్పుసొప్పుల తగవులలో స్వార్థపరుడు, మిత్రుడు, శత్రువు, రోగి మొదలగువారిని మనువు తొలగించెను. కాని తగిన సాక్షులు లేనిచో బాలుడు, వృద్ధుడు, స్త్రీ, శిష్యుడు, సేవకుడు చెప్పినదియు వినవచ్చునని ఆయనయే సడలింపు ఇచ్చెను. సాహసము, చౌర్యము, కొట్లాట వంటి వానియందు సాక్షి యోగ్యతను పరీక్షింపనే వలదనెను. కారణము స్పష్టమే. అప్పు ఇచ్చువాడు సాక్షులను ఎంచుకొనగలడు. దెబ్బ తిన్నవానికి ఆ అవకాశమెక్కడిది? ఆ చోట నున్నవాడే సాక్షి.

1872 నాటి సాక్ష్యచట్టము ఈ సడలింపునే మూలసూత్రముగా గ్రహించినది. ప్రశ్నను గ్రహించి యుక్తమైన సమాధానమీయగల ప్రతివ్యక్తియు సాక్షియే. పసితనము గాని, వార్ధక్యము గాని, వ్యాధి గాని ఆ శక్తిని హరించినప్పుడే అనర్హత కలుగును. ప్రమాణము చేయుట యొక్క అర్థమును ఎరుగని పన్నెండేండ్ల లోపు బాలుడు, ప్రశ్నలు గ్రహించగలిగినచో, ప్రమాణము లేకయే సాక్ష్యమీయవచ్చును. ఒప్పందమునకు పనికిరాని పసివాని మాట న్యాయమునకు ఆధారము కాగలదు.

దాయము: శాస్త్రము దారి తప్పిన చోటు

పనికి తగిన యోగ్యత అను సూత్రము అన్ని చోట్ల నిలిచెనని చెప్పుట సత్యము కాదు. ఒప్పందము చేయుటకు బుద్ధి కావలెను. నేరమునకు ఎరుక కావలెను. తండ్రి ఆస్తికి వారసుడగుటకు పుట్టుక తప్ప ఏమి కావలెను? అయినను జన్మాంధుని, బధిరుని, మూగవానిని, ఉన్మత్తుని, జడుని, అంగవిహీనుని దాయభాగము నుండి స్మృతులు తొలగించినవి. యజ్ఞాధికారము లేనివానికి ధనమెందులకను తర్కము కొందరు వ్యాఖ్యాతలలో కనిపించును. ఒక కర్మకు చెందిన అయోగ్యతను తెచ్చి జీవితమంతటికిని పులిమిన దోషమిది.

స్మృతులకు ఆ దోషము తెలియకపోలేదు. తొలగింపబడినవారిని జీవితాంతము పోషింపవలెననియు, పోషింపనివాడు పతితుడగుననియు మనువు శాసించెను. వారి కుమారులు నిర్దోషులైనచో భాగమునకు అర్హులని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. కల్యాణనగరమున చాళుక్య విక్రమాదిత్యుని ఆశ్రయమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు, విభాగము జరిగిన పిదపనైనను ఔషధాదులచే దోషము తొలగినచో భాగమీయవలెనని వ్యాఖ్యానించెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన పద్యరూపమున తెలుగునకు తెచ్చెను.

ఈ నియమము వలన కలిగిన వ్యథకు భారతకథయే సాక్షి. జ్యేష్ఠుడైనను ధృతరాష్ట్రుడు అంధుడగుట వలన రాజ్యమును పొందలేదు. విదురుడు పుట్టుక కారణముగా పొందలేదు. ఒకడు ఆ లోటును కుమారుని పట్టాభిషేకముతో పూరించుకొనగోరి వంశమును అగ్నికి ఆహుతి చేసెను. మరియొకడు ధర్మమును పలుకుచు జీవితమును గడపెను. నేత్రములు లేవని ఒకనిని, జన్మ కారణముగా మరియొకనిని ప్రక్కకు నెట్టిన ఆ సభకు, వివేకము గలవారెవరో మాత్రము కడవరకు తెలియలేదు.

1928లో హిందూ దాయానర్హతల తొలగింపు చట్టము మితాక్షరను అనుసరించువారి విషయమున, జన్మతః చిత్తవైకల్యము గలవారిని తప్ప, తక్కిన దేహలోపములు గలవారిని వారసత్వమునకు అర్హులను చేసినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ శేషమును కూడ తుడిచివేసినది. రోగము, లోపము, అంగవైకల్యము ఏదియు వారసత్వమునకు అడ్డు కాదు. చంపినవాడు మాత్రము చంపబడినవాని ఆస్తికి వారసుడు కాజాలడు. ఆ అనర్హత కర్మజనితము, దేహజనితము కాదు.

స్త్రీల విషయమునను ఇట్టి సవరణయే జరిగినది. స్త్రీధనము ఆమెదేనని స్మృతులు అంగీకరించినను, కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో భాగము లేకుండెను. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అప్పటికి వివాహము కాని కుమార్తెలను కుమారులతో సమానముగా జన్మతః భాగస్వాములను చేసినది. 2005లో ఆ హక్కు దేశమంతటికిని విస్తరించినది, వివాహితలకును చెందినది.

దేవత: నిత్యబాలుడైన స్వామి

ఆస్తిని గూర్చిన ఈ విచారణ కడకు దేవాలయము వరకు వచ్చినది. దేవతకు ఆస్తి యుండునా? శబరస్వామి మీమాంసాభాష్యమున ఉండదనెను. దేవగ్రామమను మాట ఔపచారికమే, దేవత భుజించునది గాని స్వీకరించునది గాని లేదని ఆయన మతము. కాని శతాబ్దములుగా భక్తులు స్వామి పేరిటనే భూములను సమర్పించిరి. ఆధునిక న్యాయస్థానములు ఆ భక్తుల సంకల్పమునే గౌరవించినవి. ప్రతిష్ఠితమైన దేవత న్యాయదృష్టిలో ఒక వ్యక్తి. ఆస్తిని కలిగి యుండును. వాదిగా, ప్రతివాదిగా నిలుచును. స్వయముగా నడుపుకొనజాలదు గావున బాలునివలె ఇతరుల ద్వారా వ్యవహరించును. 1925లో ప్రమథనాథ మల్లిక్ వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిల్ కులదేవత అభీష్టమును స్వార్థము లేని ప్రతినిధి ద్వారా వినవలెనన్నది. నిర్వాహకుడే దేవతాప్రయోజనమునకు విరుద్ధముగా నడచినప్పుడు, ఒక భక్తుడు దేవత పక్షమున దావా వేయవచ్చునని 1967లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. తమిళనాట పత్తూరులోని శిథిలాలయము నుండి తరలిపోయిన నటరాజవిగ్రహము విషయమున ఆ ఆలయమును వ్యాజ్యములో పక్షముగా 1991లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానము అంగీకరించినది. స్వామి స్వదేశమునకు తిరిగి వచ్చెను.

ఇచటను ఉపమానమునకు హద్దు కలదు. 2019 నవంబరు 9 నాటి అయోధ్య తీర్పులో రామలల్లా న్యాయవ్యక్తిగా నిలిచెను. కాని నిత్యబాలుడను కారణమున దేవతకు కాలపరిమితి వర్తింపదను వాదము నిలువలేదు. జన్మస్థానభూమి స్వయముగా న్యాయవ్యక్తి అను వాదమును అంగీకరింపబడలేదు. ప్రాతినిధ్యము కొరకు దేవత బాలునివంటిది, అన్నిటికిని కాదు. సర్వేశ్వరుని విషయములోనే న్యాయము ఇంత జాగ్రత్తగా పనిని బట్టి యోగ్యతను నిర్ణయించుచుండగా, సామాన్యమానవుని విషయమున ఒక్క ముద్రతో సరిపుచ్చుట తగునా?

జడుడా, జ్ఞానియా?

మానసికవ్యాధి గలవారికి లోకము చిరకాలము ఆ ముద్రయే వేసినది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశము 2007లో ధ్రువీకరించినది. దాని ఫలముగా వచ్చిన 2016 నాటి చట్టము వికలాంగులకు ఇతరులతో సమానమైన న్యాయసామర్థ్యమును అంగీకరించి, సంరక్షకత్వమును ఒక నిర్దిష్ట నిర్ణయమునకు, నిర్దిష్ట కాలమునకు పరిమితము చేసినది. సంరక్షకుడు ఆ వ్యక్తిని సంప్రదించి, కలసి నిర్ణయింపవలెను. 2017 నాటి మానసికారోగ్య చట్టము చికిత్సను గూర్చి నిర్ణయించుకొను సామర్థ్యము రోగికి కలదని భావించియే ఆరంభించును. వ్యాధి నిర్ధారణ అయినంతమాత్రమున ఆ వ్యక్తి చిత్తస్వాస్థ్యము లేనివాడు కాడు. మీమాంసకులు అడిగిన ప్రశ్న మరల వినబడుచున్నది: ఏ కర్మయందు?

వేదాంతము ఈ ప్రశ్నను మరింత లోతునకు తీసికొనిపోవును. బ్రహ్మజిజ్ఞాసకు అధికారి ఎవరని శంకరభగవత్పాదులు విచారించి నిత్యానిత్యవస్తువివేకము, వైరాగ్యము, శమాదిషట్కము, ముముక్షుత్వము గలవాడని నిర్ణయించిరి. ఏ ఆశ్రమమునందును లేని కారణమున కర్మలకు అధికారము లేనివారికి విద్యాధికారము కలదా అను విచారణలో, రైక్వుని, వాచక్నవిని దృష్టాంతముగా చూపి కలదనిరి. వేదాధ్యయనాధికారము లేదనబడిన విదురునకు పూర్వజన్మసంస్కారము చేత జ్ఞానము కలిగెననియు, ఆ జ్ఞానఫలమును ఎవరును కాదనజాలరనియు అంగీకరించిరి. అధ్యయనాధికారమును గీచిన గీత జ్ఞానమును ఆపజాలదని భాష్యమే ఒప్పుకొన్న చోటు ఇది.

భాగవతములోని జడభరతుని కథ ఈ విచారణకు తగిన ముగింపు. అతనిని లోకము జడుడనెను. సోదరులు అతనిని చదువునకు పనికిరాడని విడిచి, పొలము కావలికి పెట్టిరి. స్మృతుల జాబితాను అక్షరశః పాటించినచో అతనికి దాయభాగము లేదు. అతడు చేసిన ఒప్పందము చెల్లదు. సింధుసౌవీరరాజైన రహూగణుని సేవకులు అతనిని పల్లకి మోయుటకు మాత్రము తగినవానిగా ఎంచిరి. దారిలో చీమలు నలుగకుండ అడుగు వేయుచున్నందున పల్లకి కుదుపునకు లోనయ్యెను. రాజు అధిక్షేపించెను. అప్పుడతడు పలికిన మాటలకు రాజు పల్లకి దిగి పాదములపై బడెను.

రహూగణుడు ఆ క్షణమున చేసినది ఒక్కటే. ఈ మనిషి దేనికి తగడు అని లెక్కించుట మాని, దేనికి తగునో విన్నాడు. ఇంటిలో మతిమరపుతో నున్న వృద్ధులను, నిదానముగా ఎదుగు పిల్లలను, మనోవ్యాధితో పోరాడు బంధువులను కాచుకొనువారికి ఈ వివేకము నిత్యావసరము. బ్యాంకు కాగితముపై సంతకము చేయలేని తల్లి తన చికిత్సను గూర్చి చెప్పగలదు. కోర్టుకు పోలేని తమ్ముడు తన భోజనమును, తన పూజను తానే ఎంచుకొనగలడు. వారి పక్షమున నిలుచువారు నిర్ణయము గైకొనుటకు ముందు వారిని అడుగవలెను.